సామంతుల సైన్యాలకు అన్నం ఎవరు వండారు? ఫాంటసీ కథలు రాసేవారికి, తీసేవారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కథా రచయితలకు, దర్శకులకు, నిర్మాతలకు,

నమస్కారం. మీ పని ఎంత కష్టమో తెలుసు కనుక పొగడ్తలతో మీ సమయం తీసుకోను.

ఇదే విషయం మీద గత రెండేళ్లలో ఒక నిర్మాణ సంస్థకు మూడు ఉత్తరాలు రాశాను. మొదటి రెండింటికి జవాబు లేదు. మూడోది అందాక ఒక కుర్రవాడు ఫోను చేసి, "సార్, మీరు చెప్పింది బాగుంది. కానీ ప్రేక్షకుడు అదంతా అడగడండీ" అని మర్యాదగా చెప్పి పెట్టేశాడు. టికెట్టు కొనుక్కుని చూసి, ఇంటికి వచ్చి, కాగితం తీసుకుని అడిగినవాణ్ణి ప్రేక్షకుడు కాక మరేమంటారో నాకు తెలియలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

సంగతి ఇది. మీ కథల్లో ఒక ఘట్టం తప్పకుండా ఉంటుంది. రాజధాని ముట్టడిలో ఉంటుంది. రాజు కోటగోడ మీద దిగులుగా నిలబడి ఉంటాడు. దూరాన దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ములోంచి ఒక జెండా, జెండా వెనక ఒక దొర, దొర వెనక పదివేల మంది. కొండసీమ దొర వచ్చాడని బురుజు మీది కాపలావాడు అరుస్తాడు. శంఖాలు, డప్పులు. తలుపులు తెరుచుకుంటాయి. దొర గుర్రం దిగి కత్తి తీసి రాజు పాదాల దగ్గర పెడతాడు. అతని తర్వాత నదీతీరం దొర, అడవి దొర, ఎడారి దొర. హాలంతా ఈలలు. అబద్ధం ఎందుకు, నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. బయటికి వచ్చి స్కూటరు తీసేటప్పుడు మొదలవుతుంది నా బాధ.

నేను పుట్టి పెరిగింది ఖిలా వరంగల్‌లో. మట్టికోటకు, రాతికోటకు నడుమ ఇప్పటికీ పొలాలున్నాయి. కాకతీయులు కట్టిన మట్టిగోడ మీద మా గేదెలు మేసేవి. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పాను. ఏటా ఎనిమిదో తరగతి పిల్లలను ఆ గోడ మీదికి ఎక్కించి, దళాలు ఎక్కడ దిగాయో, అగడ్త ఎక్కడిదాకా ఉండేదో చూపించేవాణ్ణి. ఒక ఏడాది, వాన వెలిసిన పూట, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ ఒక అమ్మాయి నన్ను అడిగింది: "సార్, ఇంతమంది లోపలికి వస్తే వాళ్లకు అన్నం ఎవరు వండారు?" నా దగ్గర జవాబు లేదు. నాయకుల పేర్లు గడగడ చెప్పగలను, పొయ్యి ఎక్కడ పెట్టారో చెప్పలేను. ఆ ప్రశ్ననే ఇప్పుడు మీకు పంపుతున్నాను.

కల్పనకు చరిత్రతో పనేమిటని అంటారేమో. మీ రాజధానికి ఏడు గోడలు కట్టండి, ఆకాశంలో డ్రాగన్లు ఎగరనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. కానీ సామంతులు సైన్యాలు తీసుకుని రాజధానిని కాపాడటానికి రావడం అనేది గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. మన నేల మీద జరిగింది. కాకతీయుల కాలంలో దానికి నాయంకరం అని పేరు. ఊళ్లు ఇస్తాం, వాటి ఆదాయం తీసుకో, పిలిచినప్పుడు ఇంత దండుతో రా అని రాజుకూ నాయకుడికీ నడుమ ఒప్పందం. ఓరుగల్లు బురుజుకొక నాయకుడు కాపు ఉండేవాడని, అలా 77 మంది ఉన్నారని తర్వాతి కాలపు కథనాలు చెబుతాయి. కొన్నిచోట్ల 75 అంటారు, జనం నోట 72 అని వినిపిస్తుంది. ఇప్పుడు రాతికోట చుట్టూ తిరిగి లెక్కపెడితే 45 బురుజులు. లెక్క ఏదైనా పద్ధతి మాత్రం నిజం. విజయనగర కాలానికి అదే అమరం అయింది. మీరు తీస్తున్నది మా ఊరి కథే కనుక, అందులో మీరు వదిలేస్తున్నదేమిటో చెప్పే హక్కు నాకు ఉందనుకుంటున్నాను. వరుసగా చెబుతాను.

1. ముందు తిండి లెక్క. మనిషికి రోజుకు కిలో గింజలు అనుకుందాం. పదివేల మందికి రోజుకు వంద క్వింటాళ్లు. వెయ్యి గుర్రాలుంటే, ఒక్కోదానికి నాలుగు కిలోల ఉలవలు చొప్పున ఇంకో నలభై క్వింటాళ్లు. గడ్డి లెక్కలోకి తీసుకోలేదు. ఏనుగుల జోలికి అసలు వెళ్లలేదు. ఒక ఎద్దు వీపున క్వింటాలు మోస్తుందనుకున్నా రోజూ నూట నలభై ఎద్దులు కోటలోకి రావాలి. ముట్టడిలో ఉన్న కోటకు ఎద్దులు ఎలా వస్తాయి? రావు. అంటే ఆ పదివేల మంది తినేది కోటలో ముందునుంచి ఉన్నవాళ్ల తిండి. చప్పట్లు కొడుతూ ఎదురొచ్చిన చాకలి, కుమ్మరి, పూలమ్మే ముసలమ్మ, వీళ్ల కుండలోది. మీ దొర కత్తి పాదాల దగ్గర పెట్టిన క్షణాన ఆ ముసలమ్మ లోపల ఏమనుకుంటోందో ఒక్క చూపు చూపించండి.

ఓరుగల్లులో ఏమైందో చూడండి. ఉలుగ్ ఖాన్, అంటే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ గద్దె ఎక్కినవాడు, మొదటిసారి ముట్టడించి విఫలమై వెనక్కి పోయాడు. సుల్తాను చనిపోయాడన్న పుకారు అతని శిబిరాన్ని చెదరగొట్టింది. పీడ వదిలిందన్న సంతోషంలో ప్రతాపరుద్రుడు విందులు చేయించి ధాన్యపు కొట్లు ఖాళీ చేసుకున్నాడని, దండును ఊళ్లకు పంపేశాడని ఒక కథనం. 1323లో ఉలుగ్ ఖాన్ తిరిగి వచ్చాడు. కొన్ని నెలల ముట్టడి తర్వాత కోట లొంగింది. ఢిల్లీకి తీసుకుపోతుండగా దారిలో నర్మద ఒడ్డున ప్రతాపరుద్రుడు కన్నుమూశాడని తర్వాత ప్రోలయ నాయకుడు వేయించిన విలస శాసనం చెబుతోంది. ఆ కథనమే నిజమైతే ఓరుగల్లును కూల్చినవాటిలో ఖాళీ గాదెలు కూడా ఉన్నాయి. ఒక దర్శకుడికి ఇంతకంటే మంచి సన్నివేశం ఏం కావాలి? విందు జరుగుతూ ఉంటుంది, గాదె అడుగున చీపురు చప్పుడు వినిపిస్తుంది.

2. దండు నడిచిన దారి. మీ సినిమాల్లో సైన్యం ఒక కొండ మీద కనిపించి మరుక్షణం కోట ముందు ఉంటుంది. నడుమ ఊళ్లు ఉండవు. 1530లలో విజయనగరంలో ఉన్న నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు రాయచూరు దండయాత్ర గురించి రాసింది చదవండి. శ్రీకృష్ణదేవరాయల నాయకులు ఒక్కొక్కరు ఎంతమంది కాల్బలం, ఎన్ని గుర్రాలు, ఎన్ని ఏనుగులు తెచ్చారో పేరుపేరునా రాస్తాడు. ఆ అంకెలు పెద్దవి, వాటిని అచ్చంగా నమ్మనక్కరలేదు. నన్ను పట్టుకున్నది వేరే. ఎవరూ దాహంతో పడిపోకుండా తోలు తిత్తులతో నీళ్లు మోసేవాళ్లు పన్నెండు వేల మంది దారి పొడవునా ఉన్నారట. చాకళ్లకు లెక్కే లేదట. ఇంకో చోట అంటాడు: దండు ఒక ఏటిని దాటింది. మొదట దిగినవాళ్లకు నీళ్లు పిక్కలదాకా ఉన్నాయి. సగం మంది దాటేసరికి ఏట్లో చుక్క లేదు. వెనక వచ్చినవాళ్లు ఇసుకలో చెలమలు తవ్వుకున్నారు.

ఆ ఏటి దిగువన ఒక ఊరు ఉండి ఉంటుంది కదా. ఆ సాయంత్రం బిందెతో వచ్చిన ఆడమనిషికి కనిపించింది తడి ఇసుక, డెక్కల గుర్తులు, పేడ. ఆ దండు మిత్రుడిదా శత్రువుదా అన్నది ఆమెకు ఏం తేడా? ఈ ప్రశ్న మీ కథలో ఒక్కసారి వినిపిస్తే మీ విలన్ పాత్ర కూడా బాగుపడుతుందని నా నమ్మకం.

3. ఆ సైన్యానికి డబ్బు ఎవరిచ్చారు? దొర తన జేబులోంచి ఇచ్చినట్టు చూపిస్తారు. నూనిజ్ ప్రకారం విజయనగర నాయకుల భూముల రాబడి నూట ఇరవై లక్షలు. అందులో అరవై లక్షలు రాజుకు కట్టాలి, మిగిలినదానితో సైనికుల జీతాలు, ఏనుగుల ఖర్చు. కట్టే సమయం మహానవమి పండుగ. సాగుచేసేవాడు పంటలో పదింట తొమ్మిది వంతులు పైవాడికి ఇవ్వాల్సి వచ్చేదని, ఈ ఏర్పాటు వల్ల సామాన్య జనం చాలా కష్టాలు పడుతున్నారని కూడా అదే మనిషి రాశాడు. విదేశీయుడు, కాస్త ఎక్కువచేసి రాసి ఉండవచ్చు. అయినా గుర్రాలు అమ్ముకోవడానికి వచ్చినవాడి కంటికి కూడా కనిపించిన విషయం మన కథకుల కంటికి ఆనకపోవడం నాకు వింతగా ఉంది.

ఇంకొకటి. వానలు తగ్గి, దసరాకు జమ్మి కొట్టాక దండు కదలడం మన ఆనవాయితీ. సరిగ్గా అప్పుడే వరి పొట్ట మీద, ఈనిక మీద ఉంటుంది. కార్తీకం దాటితే కోతలు. పదివేల మంది వయసు మగవాళ్లు కత్తి పట్టుకుని రాజధానికి పోతే ఆ కోతలు ఎవరు కోస్తారు? ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. కోసినంత కోసి మిగిలింది నేలరాలుతుంది. దొర గెలిచి ఇంటికి వచ్చేసరికి శిస్తు మాత్రం తగ్గదు. నేను వరి కోసినవాణ్ణి, రెండు రోజులు ఆలస్యమైతే గింజ ఎలా రాలుతుందో చేత్తో ఎరుగుదును.

4. రాని దొరలు. మీ కథల్లో పిలిచినవాళ్లందరూ వస్తారు. ఒకడు ద్రోహి అయితే మొదటి సన్నివేశంలోనే అతని మీసం చూసి మనం పోల్చుకోగలం. నిజంలో అలా ఉండదు. రుద్రమదేవి మీద తిరగబడ్డ కాయస్థ అంబదేవుడు కాకతీయుల కొలువులో పెరిగిన వంశంవాడే. అతనితో జరిగిన పోరులోనే ఆమె మరణించిందని చరిత్రకారుల అంచనా. 1685లో మొఘలులు హైదరాబాదు మీదికి వస్తే వారిని ఆపవలసిన కుతుబ్‌షాహీ సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం అటువైపు వెళ్లిపోయాడు. బొబ్బిలి మరో రకం. 1757 జనవరిలో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోటను కొడుతుంటే రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడికి సమయానికి కబురు అందలేదు. అతను వచ్చేసరికి కాపాడవలసినవాళ్లు ఎవరూ మిగలలేదు. ప్రాణమిచ్చే మనిషి ఉండి కూడా కబురు అందకపోవడం! జెండాలతో వచ్చే పదివేల మంది కంటే ఈ ఒక్క ఆలస్యం ఎందుకు ఇంతకాలం జనం నోట నిలిచిందో ఆలోచించండి.

ఇక 1565. రాక్షస తంగడి యుద్ధంలో విజయనగరాన్ని ఏలుతున్న రామరాయలు పడిపోయాడు. ఏడు ప్రాకారాల నగరమని 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ అబ్బురపడి వర్ణించిన రాజధాని విజయనగరం అలాగే ఉంది. గోడలకు ఏమీ కాలేదు. కానీ వాటి మీద నిలబడటానికి ఎవరూ రాలేదు. రామరాయల తమ్ముడు తిరుమలరాయలు 550 ఏనుగుల మీద ధనం ఎక్కించుకుని పెనుకొండ దారి పట్టాడని చెబుతారు. మోసుకుపోవడానికి అన్ని ఏనుగులు దొరికాయి, జనాన్ని ఎక్కించుకోవడానికి బండ్లు దొరకలేదు. శత్రువు లోపలికి రాకముందే చుట్టుపక్కల దోపిడీ మూకలు నగరం మీద పడ్డాయి. విరూపాక్షుడి వీధిలో దుకాణం మూసి, తాళం వేసి, మళ్లీ తాళం లాగి చూసుకుని బయలుదేరిన ఒక వర్తకుణ్ణి మీరు నాకు చూపిస్తే మీ సినిమాకు పదిసార్లు వస్తాను.

5. తలుపు మూసేటప్పుడు బయట మిగిలినవాళ్లు. అదే 1685లో అబుల్ హసన్ తానాషా రాత్రికి రాత్రి గోల్కొండ కోటలోకి వెళ్లిపోయాడు. హైదరాబాదు నగరం బయట ఉండిపోయింది, దోపిడీకి గురైంది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి. గోడకు అటువైపు మొఘల్ శిబిరంలోనూ ధాన్యం కరవు, వాన, అంటురోగం, కుప్పలుగా శవాలు. గెలుస్తున్న పక్షం పరిస్థితి అది. చివరికి గోడ కూలలేదు, లోపలినుంచి ఒకడు తలుపు తీశాడు. మీ కథలో పెద్ద తలుపు మూసుకునే చప్పుడు ఎప్పుడూ లోపలివాళ్ల చెవితోనే వినిపిస్తారు. ఒక్కసారి మైకు బయట పెట్టండి.

6. పేర్లు. దీని గురించి కొంచెం కటువుగా రాస్తాను, మన్నించండి. మీ సినిమా విడుదలైన వారానికి మావాళ్లంతా ఒకటే తగువు. ఏ బురుజు మీది నాయకుడు ఎవరి కులంవాడు? మా తాత అంటే మా తాత అని. మీరు కూడా ఆ తగువుకు తగ్గట్టు మీసాలు, తలపాగాలు అమర్చి లాభం చూసుకుంటున్నారు. ఆ మట్టిగోడ ఎంత గట్టిదంటే ఈటె దిగదని, రాయి విసిరితే పిల్లలాడుకునే గింజలా ఎగిరి వెనక్కి వస్తుందని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో 1310 ముట్టడి గురించి రాస్తూ మెచ్చుకున్నాడు. శత్రువు ఆస్థాన కవి మెచ్చిన గోడ. ఆ మట్టిని తట్టలకెత్తి మోసి, తొక్కి, దిమ్మెసా చేసినవాళ్ల పేరు ఒక్కటీ మనకు తెలియదు. వాళ్ల తాతతనం కోసం తగువు పడేవాడు ఎవరూ లేడు.

ఒక్క మినహాయింపు చెబుతాను. రుద్రమదేవి ఎప్పుడు చనిపోయిందో మనకు చెప్పింది ఏ సామంతుడూ కాదు. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి చిన్న శాసనం ఉంది. వేయించినవాడు పువ్వుల ముమ్మడి. సేనాని మల్లికార్జున నాయకుడి బంటు. శివలోకానికి వెళ్లిన రాణికి, తన నాయకుడికి పుణ్యం కలగాలని గుడికి భూమి ఇచ్చి ఆ మాట రాతి మీద చెక్కించాడు. అంత పెద్ద రాజ్యంలో ఆ మరణానికి మిగిలిన సాక్ష్యం ఒక బంటు మాట. మీ పదివేల మందిలో ఒక్కడికి పేరు పెట్టడానికి ఇది చాలదా?

ఇప్పుడు నా కోరికలు. వీటిని కోరికలుగా చదివినా సరే, డిమాండ్లుగా చదివినా సరే.

అ) సామంతుల సైన్యం వచ్చే ప్రతి కథలో, స్క్రిప్టు దశలోనే, ఆ సైన్యం ఏం తింటోంది, ఎక్కడినుంచి వస్తోంది అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తెర మీద చూపించకపోయినా పరవాలేదు. రాస్తే చాలు, కథ దానంతట అదే మారుతుంది.

ఆ) కనీసం ఒక దొర రాకూడదు. ఎందుకు రాలేదో అతని వైపునుంచి చెప్పండి. అతని పొలాల్లో కోతలు ఉండవచ్చు, పొరుగువాడు కాచుకుని కూర్చుని ఉండవచ్చు, పాత అవమానం ఉండవచ్చు.

ఇ) వచ్చిన దొరల్లో ఒకడు అనుకున్నదానికంటే తక్కువమందితో రావాలి. మిగతావాళ్లను ఊరి కాపలాకు వదిలి వచ్చానని అతను తల వంచుకుని చెప్పాలి. అలాంటి దొరను నేను ఎక్కువ నమ్ముతాను.

ఈ) యుద్ధం అయిపోయాక పట్టాభిషేకానికి ముందు, వెళ్లిన పదివేల మందిలో తిరిగి ఊరు చేరినవాళ్లు ఎంతమందో చూపించండి. ఒక ఊరు చాలు. కోట పడిపోయిన కథైతే విలస శాసనం చూడండి. సాగుచేసేవాళ్ల పంటను బలవంతంగా లాక్కోవడంతో కలిగినవాళ్లు, లేనివాళ్లు అన్న తేడా లేకుండా రైతు కుటుంబాలు చితికిపోయాయని అందులో ఉంది. రాజులను పొగుడుతూ వేయించిన దాన శాసనంలోనే ఆ మాట ఉంది.

ఖర్చు పెరుగుతుందని అనవద్దు. పదివేల మందిని కంప్యూటరులో పుట్టించడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే పొయ్యి మీద ఒక గుండిగ ఎంత? పైగా ఈ సంగతి మీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. ఒకసారి మా కోట దగ్గర షూటింగు జరిగింది. తెల్లవారుజామున నాలుగింటికి ప్రొడక్షన్ వాళ్లు చెట్టు కింద పొయ్యిలు వెలిగించారు. ఇడ్లీలు, ఉప్మా, పెద్ద డేగిసాలో టీ. సైనికుల వేషాల్లో మా ఊరి కుర్రవాళ్లే మూడు వందల మంది, అట్ట కవచాలు చంకన పెట్టుకుని పళ్లేలతో వరుసలో నిలబడ్డారు. చట్నీ అయిపోయిందని గొడవ. ఎనిమిదింటికి తీయవలసిన మొదటి షాటు పదిన్నరకు తీశారు. దర్శకుడు తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజు తీసిన దృశ్యం తర్వాత హాల్లో చూశాను. దొర వచ్చాడు, తలుపులు తెరుచుకున్నాయి, మా కుర్రవాళ్లు కత్తులు ఎత్తారు. చట్నీ గొడవ మాత్రం ఎక్కడా లేదు.

నా చిరునామా మూడు ఉత్తరాల మీదా ఉంది. ఈసారి ఫోను చేసేవాళ్లు సాయంత్రం అయిదు తర్వాత చేయగలరు.

ఇట్లు,
ఓరుగల్లు మట్టికోట దగ్గర ఉండే ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు